నా డమ్మీ

ఆమె పోయి పన్నెండు రోజులైంది. పోయిన మనిషి పోయినట్టు ఉంటుందా అంటే అదీ లేదు. మొన్న పొద్దున తలుపు తీసేసరికి ఇద్దరు మనుషులు మా గోడకు మేకులు కొడుతున్నారు.

“ఏందిరా గిది?” అన్నాను.

“ఫ్లెక్సీ పెద్దమ్మా. మేడంది. మీ గోడ చౌరస్తాకు ఎదురుంగ ఉంటది గదా, అందరికి మంచిగ కనవడ్తది.”

“నన్నడిగేది లేదా?”

“మేడం నీ దోస్తే గదా, అడుగుడెందుకని...” అంటూనే ఇంకో మేకు దిగ్గొట్టాడు.

దోస్తట! ఫ్లెక్సీ గోడంత ఉంది. అందులో ఆమె రెండు చేతులు జోడించి నవ్వుతోంది. ముందు పన్ను ఒకటి కొంచెం బయటికి ఉంటుంది, దాన్ని కూడా దాచలేదు. కింద వరసగా రాశారు: మాజీ కౌన్సిలర్, మాజీ మున్సిపల్ చైర్‌పర్సన్, మాజీ పార్లమెంటు సభ్యురాలు. మూడు చోట్లా ‘మాజీ’ అని ఉంది కదా అని నాకు కాస్త ఊరట కలిగింది. అంత కుళ్లు నాది. దాచుకుని ఏం చేసుకోను?

పేరు ఇక్కడ రాయను. సిరిసిల్లలో ఆ పేరు ఇప్పటికే చాలినన్ని గోడల మీద ఉంది.

మేకులు కొట్టడం అయ్యాక వాళ్లలో పెద్దవాడు చేతులు దులుపుకుంటూ అసలు సంగతి చెప్పాడు. “పెద్దమ్మా, ఆదివారం సంతాప సభ ఉన్నది. నువ్వు మాట్లాడాలె. మేడం ముచ్చట మొదటినుంచి ఎరుకైనోళ్లు నువ్వు తప్ప ఎవరున్నరు?”

“మాట్లాడ్త” అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే వాడే బిత్తరపోయాడు. ఇరవై ఏళ్లుగా మైకు కోసం చూస్తున్న మనిషిని మరి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే ముక్క. ఈ ఊరికి, ఈ జిల్లాకు, ఢిల్లీకి కూడా వినపడేటట్టు చెప్పాలని ఉండేది. ఆమె నా డమ్మీ.

డమ్మీ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. పార్టీ ఒకరికి టికెట్టు ఇస్తుంది. వాళ్ల నామినేషన్‌లో ఏదో లొసుగు దొరికి అధికారి కొట్టేస్తే పార్టీకి మనిషే లేకుండా పోతుంది. అందుకని ముందుజాగ్రత్తగా ఇంకొకరితో కూడా ఒక నామినేషన్ వేయించి పెడతారు. అసలు మనిషిది నిలిచిందా, రెండో మనిషి వాపసు తీసుకుని ఇంటికి పోవాలి. ఆ రెండో మనిషే డమ్మీ. డమ్మీకి ఆశ ఉండకూడదు, నోరు ఉండకూడదు. ఆ రెండూ లేవని చూసుకునే ఆమెను ఎంచుకున్నాను. ఎంచింది పార్టీ వాళ్లు కాదు, నేనే. ఈ చేత్తోనే.

అప్పట్లో మేమిద్దరం ఒకే అరుగు మీద బీడీలు చేసేవాళ్లం. మా ఆయన సాంచెల మీద పని, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఆమె పెనిమిటి దుబాయిలో ఉండేవాడు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, పొద్దంతా అదే. నేను ఇంటర్ పాసైనదాన్ని. మహిళా సంఘం పుస్తకాలు నేనే రాసేదాన్ని. ఎంతటి ఆఫీసరు వచ్చినా నిలబడి మాట్లాడేదాన్ని. ఆమె రెండో తరగతి కూడా నిండలేదు, నాకంటే నాలుగేళ్లు చిన్నది, ‘అక్కా అక్కా’ అంటూ నా వెనక తిరిగేది. కానీ ఆ వేళ్లు! మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, తలుపు వైపు చూస్తున్నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. కార్ఖానాలో గుమస్తా కట్టలు విప్పి వంకర బీడీలు ఏరి పడేస్తుంటే అందులో సగం నావే ఉండేవి. ఆమె కట్టలను విప్పకుండానే తీసుకునేవాడు. నా కడుపుమంట అక్కడే అంటుకుంది. ఎన్నికల రోజున కాదు.

ఒకసారి ఆమెకు జ్వరం. ఆ జ్వరంలో చేసిన కట్ట ఒకటి వదులుగా వచ్చింది. గుమస్తా చూడనే లేదు. “సార్, గా కట్ట మంచిగ లేదు, తీసెయ్యి” అని తనే చెప్పింది. నేను పక్కనుంచి గిచ్చాను.

“ఆయన చూడలేదు గదనే పిచ్చిదానా!”

“చూసినా చూడకున్నా అది వదులే గదక్కా” అంది.

ఇలాంటిదాన్ని డమ్మీగా పెట్టుకున్నాను. నా తెలివికి నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయిన ఏడాది పార్టీ పెద్దమనిషి ఒకాయన మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ, “చెల్లే, ఈ వార్డుల నీ అంత చదువుకున్న ఆడామె ఎవరున్నరు? నువ్వే నిలబడాలె” అన్నాడు. నాకు నెత్తిన పూలవాన కురిసినట్టయింది. అంతలో ఆయనే, “పిల్లలెందరు?” అని అడిగాడు. ముగ్గురన్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే మున్సిపాలిటీకి నిలబడకూడదని అప్పటి చట్టం.

ఆ మూడోది మౌనిక. ఇద్దరు కొడుకుల తరువాత బిడ్డ కావాలని, వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కి కన్నాను. నొప్పులు మొదలైన రోజు మంత్రసాని వచ్చేదాకా కూడా ఆగకుండా పుట్టేసింది. పక్కింట్లోంచి ఉరికొచ్చి బొడ్డు కోసింది ఎవరనుకున్నారు? ఆమే. ఎన్నికల నాటికి మౌనికకు నాలుగేళ్లు.

పెద్దమనిషి గొంతు తగ్గించి దారి కూడా తనే చూపించాడు. “మీ అక్క కోరుట్లల ఉంటది గదా. చిన్నదాన్ని ఆమె రేషన్ కార్డుల ఎక్కించు. ఎన్నికలైనంక మళ్ల తెచ్చుకుందువు. అందరు చేసేదే గిది.” నిజమే, చాలామంది చేసేవాళ్లు. మా అక్కకు ఆడపిల్లలు లేరు, సంతోషంగా ఒప్పుకుంది. పిల్లను కోరుట్ల తీసుకుపోయి దింపాను. “పెద్దమ్మను అమ్మా అని పిలువు. నన్ను చిన్నమ్మ అనాలె. కొన్ని దినాలే” అని చెప్పి బస్సెక్కాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే బస్సు దిగిపోతానని భయమేసిందని తరువాత అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. కరపత్రంలో నా ఫోటో ఏది వేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇంక డమ్మీ పని. ఆమెకు సంతకం రాదు. వేలిముద్ర వేస్తే మన పార్టీ పరువు పోతుందని రెండు మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చోబెట్టి మా పెద్దోడి పలక మీద నేర్పించాను. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దేది. “అక్కా, పేరొక్కటి చాలునా?” అని అడిగింది. “చాలు. నీకు అంతకంటె పనేముంటది? నాది ఓకే అయినంక నువ్వు వాపస్ తీసుకునుడే” అన్నాను. “నువ్వు చెప్పినట్టే” అంది.

నామినేషన్ల పరిశీలన రోజు మున్సిపల్ ఆఫీసులో పోటీ చేసేవాళ్లందరం గోడవారగా నిలబడ్డాం. నా కాగితం తీయగానే అవతలి పార్టీవాడు లేచాడు. “సార్, ఈమెకు ముగ్గురు పిల్లలు.”

“రుజువుందా?” అన్నాడు అధికారి.

“వార్డంత ఎరుకే సార్.”

“ఎరుకైతే చాలదు. కాగితం కావాలి.”

నేను రేషన్ కార్డు చూపించాను. ఇద్దరు కొడుకులు. “ఇద్దరేనామ్మా?” అన్నాడు. “ఇద్దరే సార్” అన్నాను, గొంతు కూడా వణకలేదు. అధికారి ముద్ర అందుకున్నాడు. ఆ ముద్ర కాగితం మీద పడి ఉంటే ఈ కథే లేదు. కానీ ఏమనుకున్నాడో, చేయి ఆపి గోడవైపు చూశాడు. “అమ్మా, నువ్వు ఈమె పక్కింటామెవే కదా? ఈమెకు పిల్లలెందరు?”

నేను ఆమె వైపు చూసి కన్ను కొట్టాను. ఇద్దరు అనాలి, అంతే. ఆమె నా ముఖంలోకి చూసింది. నేనే ఏదో చెబుతానని ఎదురుచూసినట్టు కాసేపు అలాగే చూసింది. తరువాత అటు తిరిగింది.

“ముగ్గురు సార్. ఇద్దరు పిలగాండ్లు, ఒక బిడ్డ. బిడ్డ బొడ్డు నేనే కోసిన.”

“రాసిస్తావా?”

ఆఫీసు గుమస్తా ఆ మాటే రాసి ముందు పెట్టాడు. నేను నేర్పిన సంతకం, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అక్షరం అక్షరం మొదలుపెట్టింది. మూడో అక్షరం దగ్గర ఆగి తలెత్తింది. “అక్కా, గీడ కొమ్ము పెట్టాల్నా?”

“పెట్టాలె” అన్నాను. అలవాటులో వచ్చేసింది నోట్లోంచి. ఇప్పటికీ తలుచుకుంటే నా నెత్తి నేనే కొట్టుకుంటాను. నా గొయ్యి తవ్వుతున్న మనిషికి గడ్డపార సరిగ్గా పట్టుకోవడం కూడా నేనే చూపించాను.

నా నామినేషన్ కొట్టేశారు. వరండాలోకి రాగానే ఆమె కొంగు పట్టి లాగాను. “నా నోట్లె మన్ను కొట్టినవు గదనే!”

“అడిగిండ్రు, చెప్పిన. నువ్వే చెప్తవనుకున్న అక్కా” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “నేను సుత వాపస్ తీసుకుంట తియ్. నాకెందుకు గివన్ని?”

పెద్దమనిషి ఊరుకుంటాడా! “నువ్వు తీసుకుంటె పార్టీకి మనిషెవరు?” అని అరిచాడు. అలా నిలబడింది. గెలిచింది కూడా. ఆ ఏడుపంతా నాటకమని ఊరంతా చెప్పాను. ఇప్పటికీ ఒక్కోసారి నాటకమేనేమో అనిపిస్తుంది. అలా అనుకుంటే నాకు నిద్ర పడుతుంది.

ఎన్నికలు అయిపోయినా నేను కోరుట్ల పోలేదు. పిల్లను చూస్తే మండుతుందని పోలేదు. ఆమె ప్రమాణ స్వీకారం చేసిన మర్నాడు మధ్యాహ్నం, చంకలో మౌనికను ఎత్తుకుని మా గుమ్మంలో నిలబడింది. తనే బస్సులో పోయి తెచ్చిందట. కౌన్సిలర్‌గా మొదటి పని అదేనట.

“నా పిల్లను నేను తెచ్చుకోలేనా?” అన్నాను.

“తెచ్చుకుంటవక్కా. దినాలు పోతున్నయి గదా అని” అంది. “కార్డుల పేరు సుత మార్పిద్దాం.”

లోపలికి రా అని కూడా అనలేదు నేను. పిల్ల ఆమె మెడ పట్టుకుని దిగనంది. గుంజుకున్నాను.

ఆ తరువాత ఆమె ఎక్కిన మెట్లన్నీ చెప్పను. అవి ఫ్లెక్సీ మీద ఉన్నాయి. నాకు గుర్తున్నవి వేరే. ఎంత పెద్ద కుర్చీ వేసినా కొస మీద కూర్చునేది, బీడీల పీట మీద కూర్చున్నట్టు. కొంగు నడుముకు దోపుకునే మీటింగులకు వచ్చేది. మీటింగు బల్ల కింద కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు రాసుకుంటూ ఉండేవి. ఆకు లేదు, తంబాకు లేదు, ఊరికే బీడీ చుట్టేవి. ఆఫీసర్లు ఆమెకు కంగారని అనుకునేవాళ్లు. కాదు, శ్రద్ధగా వింటున్నప్పుడే అలా చేసేది. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

అన్నిటికంటే నన్ను కాల్చుకు తిన్నది ఆమె ‘కాదు’. ఏ లీడరైనా ఇంటికి వచ్చినవాళ్లకు అయిపోతుంది పో అంటాడు. ఈమె ముఖం మీదే చెప్పేది. “అయ్యేదైతె అయితదని చెప్త, కానిదైతె కాదని చెప్త. ఎవ్వలను నడుమ ఉంచ.” ఇలాంటిదానికి రెండోసారి ఎవరు ఓటేస్తారని నేను కాచుకు కూర్చున్నాను. మా బజారులో బట్టలు కుట్టే పాషా భాయి కొడుకు సౌదీలో చిక్కుకుపోయాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర. పాషా భాయి అందరి దగ్గరికీ తిరిగాడు. అందరూ వారంలో వస్తాడన్నారు. ఈమె మాత్రం, “వారంల కాదు భాయ్. ఎన్ని దినాలైతదో నాకెరుక లేదు. రోజు ఫోన్ చేసి ఏమైందో మాత్రం చెప్త” అందట. చేసింది. ఒక్క రోజు తప్పలేదు. నేను రవిక కుట్టించుకోవడానికి పోయినప్పుడు ఆయన టేపు మెడలో వేసుకుని చెప్పాడు, “ఇయ్యాల ఏం కాలేదు అని చెప్పేటందుకు ఫోన్ చేసే లీడర్‌ను ఏడనన్న చూసినవా అమ్మా?” కొడుకు వచ్చాడు కూడా. ఆ రవిక నాకు బిగుతైంది, ఆ కోపం కూడా ఆమె మీదే పడింది.

ఊరుకున్నానా? ఊరుకోలేదు. ఆమె రెండోసారి నిలబడ్డప్పుడు బీడీలు చేసే అరుగులన్నీ తిరిగి, “అది రెండో తరగతి సుత పాస్ కాలే, మీకెరుకేనా? సంతకం సుత నేనే నేర్పిన” అని ఊదాను. ఆడవాళ్లు నవ్వారు. “ఎరుకేనక్కా. నిన్న మీటింగుల ఆమెనే చెప్పింది.” నమ్మలేదు నేను. మర్నాడు మీటింగుకు పోయి వెనక నిలబడ్డాను. మైకులో చెబుతోంది, “నాకు సదువు రాదు. నా పేరు రాసుడు మా అక్క నేర్పింది. గదో, ఎనుక నిలవడ్డది.” జనమంతా తిరిగి నా వైపు చూసి చప్పట్లు కొట్టారు. నా బతుకులో నాకు పడ్డ చప్పట్లు అవే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె చైర్‌పర్సన్ అయిన రోజు ఊరంతా పటాకులు. మేం అన్నం తింటున్నాం. మౌనిక అప్పటికి ఎనిమిదో తరగతి. “అమ్మా, అత్తను చూసొద్దామా?” అంది. ఆమెను అత్త అనేది. ఎక్కడినుంచి పొడుచుకొచ్చిందో ఆ మాట నాకు, “నువ్వు పుట్టకపోతె ఆ కుర్చీల నేనుంటుంటి” అన్నాను. మా ఆయన చేయి కంచంలోనే ఆగిపోయింది. పిల్ల అన్నం తిని, కంచం కడిగి, బోర్లించింది. మళ్లీ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి మరచిపోయిందనుకున్నాను.

ఇంక పార్లమెంటు. చెబితే నవ్వుతారు, అక్కడ కూడా ఆమె డమ్మీయే. టికెట్టు ఒక కాంట్రాక్టరుది. ఆయన పక్కన ఈమెతో ఒక నామినేషన్ వేయించారు. ఉపసంహరణ చివరి రోజున ఆ కాంట్రాక్టరు నామినేషన్ వాపసు తీసుకుని అవతలి పార్టీ కండువా కప్పుకున్నాడు. ఈమె మిగిలింది. ఓడిపోతుందిలే అని పార్టీవాళ్లు డబ్బు కూడా తీయలేదు. బోయినపల్లి, వీర్నపల్లి, రుద్రంగి, ఏ ఊరికి పోయినా బీడీలు చేసేవాళ్ల అరుగు మీద కూర్చుని, చాట ఒళ్లోకి లాక్కుని, ఒక కట్ట చేసి ఇచ్చి లేచేదట. అదే ప్రచారం. గెలిచింది! ఫలితం రోజు నేను టీవీ కట్టేసి పడుకున్నాను. జ్వరమని చెప్పాను. ఒళ్లు నిజంగానే కాలింది.

ఢిల్లీలో మాట్లాడిన రోజున మాత్రం టీవీ ముందునుంచి లేవలేదు. బీడీ చేసే ఆడవాళ్ల పింఛన్ల గురించి మన మాటలోనే, తెలుగులోనే మాట్లాడింది. ఆమె ఒక వాక్యం అనగానే నేను ఇక్కడ దాన్ని సరిచేసి పెద్దగా అనేదాన్ని. మా కొడుకులు పడి పడి నవ్వారు. “అమ్మా, ఆమెకు ఇనవడదే!” బల్ల మీద ఉన్న ఆమె చేయి కనిపించింది. వేళ్లు చుడుతున్నాయి.

ఎంపీ అయ్యాక ఒకసారి మా ఇంటికి వచ్చింది. వీధంతా జీపులు. తుపాకీ పట్టుకున్నాయన బయట నిలబడ్డాడు. ఆమె గడప మీద కూర్చుంది, కుర్చీ వేసినా. నేను చాయ్ పెట్టాను, చక్కెర తక్కువ వేశాను, కావాలనే. ఇద్దరమే ఉన్నాం.

“ఒక్కటి చెప్పు” అన్నాను. “ఆ దినం ఇద్దరంటె నీ సొమ్మేం పోతుండె?”

ఆమె చాయ్ మీద మీగడ ఊదుకుంది. “నేను గది చెప్పలేనక్కా. నాకు రాదు” అంది. తరువాత ఉన్నట్టుండి ముఖం వెలిగిపోయింది. “అక్కా, నీకెరుకేనా? పార్లమెంటుకు పిల్లల లెక్క లేదట! ఎందరున్నా నిలవడచ్చట. వార్డుకే ఇద్దరట. నువ్వు మస్తుగ మాట్లాడ్తవు. ఈసారి నువ్వు నిలవడరాదు?”

వెక్కిరిస్తోందా అని ముఖంలోకి చూశాను. వెక్కిరింత ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే ఎంత బాగుండేది! తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. నిజంగానే అంటోంది. నిజంగానే నేను ఢిల్లీ పోవాలనుకుంటోంది. గ్లాసు లాక్కుని లోపలికి పోయాను.

ఈ మధ్య ఆ ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. ఇప్పుడెందుకు? మోకాళ్లు పోయాక మెట్లెక్కమన్నట్టుంది.

ఆమె పోయిన రోజు దహనానికి పోలేదు. కాళ్లనొప్పులని చెప్పాను. సాయంత్రం ఎవరో ఫోన్లో ఫోటో పంపారు. ఆమె కాళ్ల దగ్గర ఒక పిల్ల తల వాల్చి ఏడుస్తోంది. పెద్దది చేసి చూస్తే నా బిడ్డ. మౌనిక జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడినుంచి నేరుగా వచ్చిందట, ఇంటికి రాకుండానే తిరిగి పోయిందట. నాకు జ్వరం వస్తే ఫోన్లో మాత్ర పేరు చెప్పే పిల్ల!

ఆదివారం పొద్దున సభ కోసం మౌనిక వచ్చింది. నేను నాలుగు కాగితాలు రాసి పెట్టుకున్నాను. ఇంటర్ చదువు ఊరికే పోలేదు, బాగా కుదిరింది. ‘ఆమె నా డమ్మీ’ అని మొదలవుతుంది. చీర ఇస్త్రీ చేస్తూ, “చదువు, తప్పులుంటె చెప్పు” అని దానికిచ్చాను. మంచం మీద కూర్చుని నాలుగు కాగితాలూ చదివింది.

“గిది చదువుతవా అమ్మా?”

“చదువుత. అబద్ధమేమన్న ఉన్నదా అండ్ల?”

“లేదు. నువ్వు నేర్పిన సంతకంతోనే నీకు అడ్డం పడ్డదని రాసినవ్.”

“పడలేదా మరి?”

మౌనిక కాగితాలు సర్ది పక్కన పెట్టింది. “నన్ను కోరుట్లనుంచి తెచ్చిన దినం యాదికున్నదా? రుద్రంగిల బస్సు ఆగితె మక్కంకి కొనిచ్చింది అత్త. కిటికీ పక్కకు కూసోవెట్టింది. నేను అడిగిన, నేను పెద్దమ్మ బిడ్డనా, మా అమ్మ బిడ్డనా అని.”

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది.

“మీ అమ్మ బిడ్డవే అన్నది. ‘నేను ఆఫీసుల సంతకం వెట్టి రాసిచ్చిన. ఇగ ఎవ్వలు కాదనరాదు’ అన్నది.” మౌనిక నా వైపు చూడటం లేదు. “నువ్వు పుట్టకపోతె అని నువ్వన్న దినం సుత నేను గదే అనుకున్న. కాగితం ఉన్నది గదా అని.”

చీర కాలిన వాసన వచ్చేదాకా నేను కదల్లేదు.

ఆమె కౌన్సిలర్ కుర్చీకి కుళ్లుకున్నాను. చైర్‌పర్సన్ కారుకు కుళ్లుకున్నాను. ఢిల్లీకి, టీవీకి, పాషా భాయి పొగడ్తకు, ఆఖరికి గోడ మీద ఫ్లెక్సీకి కుళ్లుకున్నాను. అవన్నీ ఒక ఎత్తు. కోరుట్ల బస్సులో నా బిడ్డ పక్కన ఆమె కూర్చున్న ఆ సీటుకు కుళ్లుకున్నంతగా నా జన్మలో దేనికీ కుళ్లుకోలేదు. ఆ మాట చెప్పాల్సిన నోరు నాది. పిల్ల ఆ ప్రశ్న అడిగినప్పుడు పక్కన ఉండాల్సింది నేను.

కాలిన చీర పక్కన పడేసి ఇంకోటి కట్టుకుని సభకు పోయాం. పెద్దవాళ్లు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరూ ఆమె తమ వల్లే పైకొచ్చిందన్నట్టు మాట్లాడారు. నా వంతు వచ్చింది. కాగితాలు చేతిలో ఉన్నాయి. మైకు ముందు నిలబడ్డాను. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మైకు. మౌనిక మూడో వరసలో కూర్చుని ఒళ్లో చేతులవైపే చూసుకుంటోంది. కాగితం మీద మొదటి వాక్యం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

“నాకు ముగ్గురు పిల్లలు” అన్నాను.

జనానికి అర్థం కాలేదు. వేదిక మీది పెద్దాయన ఒకరు నా వైపు వంగి, “మేడం గురించి చెప్పు చెల్లే” అన్నాడు.

“మేడం గురించే చెప్తున్న. ఆఫీసర్ అడిగితె నేను ఇద్దరే అని చెప్పిన. కుర్చీ కోసం కన్నబిడ్డను లేదన్న. ముగ్గురని ఆమె చెప్పింది. గందుకే ఆమె పోయి కుర్చీల కూసున్నది, నేను అరుగు మీద కూసున్న.”

 వెనకనుంచి ఎవరో ‘జోహార్ మేడం’ అని అరిచారు. అందరూ అందుకున్నారు. ఒకటే చప్పట్లు. తప్పు ఒప్పుకున్నది నేను, చప్పట్లు ఆమెకు! నాకు మండలేదని అనను. మండింది.

“ఆగుండ్రి” అన్నాను మైకులో. “నేనింక అయిపోగొట్టలే. నా మూడో బిడ్డ గదో, గా నీలం డ్రెస్సుది. పేరు మౌనిక. నాకే పుట్టింది.”

జనమంతా అటు తిరిగారు. మౌనిక తలెత్తింది. నన్ను కాసేపు చూసి, మెల్లగా లేచి నిలబడింది.